జాజ్ సంగీతం: పుట్టుక, పరిణామం, విద్వాంసులు

అమెరికా దక్షిణ ప్రాంతంలోని న్యూఆర్లీన్స్ నగరంలో, 19వ శతాబ్దం ముగిసి 20వ శతాబ్దం మొదలయ్యే కాలంలో, నల్లజాతి వాద్యకారుల చేతుల్లో రూపుదిద్దుకున్న సంగీతం జాజ్. బానిసత్వం రద్దయి ఒకటి రెండు తరాలే గడిచిన ప్రజలు, యూరప్ వాద్యాలను చేతపట్టి, తమ పూర్వుల లయజ్ఞానాన్నీ, పొలాల్లో పాడుకున్న పాటల ఆర్తినీ, చర్చి కీర్తనల వేడినీ వాటిలో పలికించారు. వందేళ్లు దాటిన ఈ సంగీత చరిత్ర మనకు ఎక్కువగా గ్రామఫోన్ రికార్డుల ద్వారానే తెలుసు. రికార్డు కంపెనీ తలుపు ఎవరికి తెరుచుకుందో వారి పేర్లు ముందు నిలిచాయి. తెరుచుకోనివారిలో జాజ్ సృష్టికర్తలు చాలామంది ఉన్నారు. ఈ చరిత్రను చదివేవారు ఆ సంగతిని అడుగడుగునా గుర్తు పెట్టుకోవాలి.

స్వరం, లయ, మనోధర్మం

జాజ్‌కు ప్రాణం మనోధర్మం. బృందం ముందుగా ఒక బాణీని వినిపిస్తుంది. తర్వాత ఒక్కొక్కరు వంతులవారీగా ఆ బాణీ చట్రంలోనే అప్పటికప్పుడు కొత్త స్వరకల్పన చేస్తారు. చివరకు అందరూ మళ్లీ బాణీకి చేరుకుంటారు. కర్ణాటక కచేరీలు విన్నవారికి ఈ పద్ధతి సులువుగా పట్టుబడుతుంది. తేడా మాత్రం పెద్దదే. మన విద్వాంసుడు ఒక రాగంలో, మారని షడ్జం మీద నిలబడి విస్తరిస్తాడు. జాజ్ వాద్యకారుడి కింద కార్డులు, అంటే కలిపి మోగించే స్వరసమూహాలు, ఒకటి రెండు బార్లకోసారి, అంటే కొద్ది దెబ్బలకోసారి, మారిపోతుంటాయి. మారే ప్రతి కార్డుకూ పొసిగే స్వరాలను అతడు క్షణంలో ఎంచుకోవాలి.

ఆ చట్రాల్లో అన్నిటికంటే పాతది బ్లూస్. నాలుగేసి దెబ్బల బార్లు పన్నెండు కలిస్తే బ్లూస్‌లో ఒక చుట్టు పూర్తవుతుంది. ప్రధానంగా మూడే కార్డులు. గాంధార నిషాదాలను వాటి స్థానం నుంచి కాస్త కిందికి జార్చి పలికిస్తారు. పియానో మెట్ల మీద దొరకని ఆ స్వరాలనే బ్లూ నోట్లు అంటారు. గమకానికి అలవాటుపడిన తెలుగు చెవికి అవి పరాయిగా తోచవు. ఇక స్వింగ్ అనే లయగుణం ఒకటుంది. ఒక దెబ్బను రెండుగా విడగొట్టినప్పుడు మొదటి భాగం కొంచెం సాగుతుంది, రెండోది కుదించుకుపోతుంది, ఊనిక రెండో, నాలుగో దెబ్బల మీద పడుతుంది. కాగితం మీద ఇంతకు మించి రాయలేం. వింటే కాలు తనంతట తానే ఆడుతుంది.

న్యూఆర్లీన్స్

ఫ్రెంచివారు, స్పెయిన్‌వారు ఏలిన ఈ రేవుపట్టణం 1803లో అమెరికా చేతికి వచ్చింది. ఇక్కడి బానిసలు ఆదివారాల్లో ఒకచోట చేరి డోళ్లు వాయించి ఆడిపాడేవారు. 1817లో నగర పాలకులు ఆ కూడికలను ఒకే స్థలానికి పరిమితం చేశారు. ఆ స్థలమే కాంగో స్క్వేర్. దక్షిణాదిన చాలాచోట్ల బానిసల డోళ్లపై నిషేధం ఉండేది గనుక, ఆఫ్రికా లయలు ఇంత బహిరంగంగా బతికిన చోటు ఆ దేశంలో అరుదు.

నగరంలో క్రియోల్ అనే మరో వర్గం ఉండేది. ఫ్రెంచి, ఆఫ్రికన్ వంశాలు కలిసిన వీరిలో చాలామంది యూరప్ సంగీతం నేర్చి, స్వరలిపి చూసి వాయించగలవారు. తెల్లవారికీ నల్లవారికీ వేరు రైలుపెట్టెలు ఉండాలన్న 1890 నాటి లూయిసియానా చట్టాన్ని హోమర్ ప్లెసీ అనే క్రియోల్ ధిక్కరించారు. 1896లో సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పి జాతివివక్షకు చట్టబద్ధత కల్పించింది. ఆ వివక్ష క్రియోల్‌లనూ తక్కిన నల్లవారినీ ఒకే గాటన కట్టింది. చదువుకున్న వాద్యకారులూ, చెవితో నేర్చి గుండెతో వాయించేవారూ ఒకే బ్యాండుల్లో కలిశారు. దుర్మార్గమైన ఒక చట్టం తెచ్చిన ఈ కలయిక జాజ్ పుట్టుకకు ఒక ముఖ్య కారణమైంది.

ఊళ్లో ప్రతి సందర్భానికీ బ్యాండు ఉండేది. శవయాత్ర శ్మశానానికి వెళ్లేటప్పుడు మెల్లగా సాగే కీర్తన వాయించి, తిరుగుదారిలో హుషారైన బాణీ ఎత్తుకునేవారు. వెనక జనం ఆడుతూ నడిచేవారు. ఈ ఆచారం ఇప్పటికీ ఉంది. జాజ్ వేశ్యావాటికలో పుట్టిందని తరచుగా రాస్తుంటారు. స్టోరీవిల్ అనే ఆ పేట 1897 నుంచి 1917 దాకా నడిచిన మాట నిజమే గాని, అక్కడి ఇళ్లలో ఎక్కువగా ఒంటరి పియానో వాద్యకారులే ఉండేవారు. బ్యాండులు పెరిగింది పార్కుల్లో, నాట్యశాలల్లో, ఊరేగింపుల్లో. ఆ పాత మాట ఒక జాతి కళను చిన్నబుచ్చడానికే ఎక్కువగా పనికొచ్చింది.

అప్పటివారు తొలి జాజ్ వాద్యకారుడిగా చెప్పుకున్నది కార్నెట్ విద్వాంసుడు బడీ బోల్డెన్‌ను. ఆయన 1907లో మతి చలించి ఆసుపత్రి పాలై, 1931లో అక్కడే కన్నుమూశారు. ఆయన వాద్యం ఒక్క క్షణం కూడా రికార్డుగా మిగల్లేదు. పియానో వాద్యకారుడు జెల్లీ రోల్ మోర్టన్ జాజ్‌ను తానే కనిపెట్టానని చెప్పుకునేవారు. అది అతిశయోక్తే. అయితే ఆ సంగీతాన్ని కాగితం మీద పక్కాగా కూర్చిన తొలి గొప్ప రచయిత ఆయనేనన్నది కాదనలేని మాట. 1938లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం కోసం అలన్ లొమాక్స్ గంటల తరబడి రికార్డు చేసిన ఆయన జ్ఞాపకాలూ వాద్యమూ లేకుంటే, తొలినాళ్ల న్యూఆర్లీన్స్ గురించి మన ఎరుక చాలా తక్కువగా ఉండేది.

రికార్డుల కాలం

తొలి జాజ్ రికార్డు 1917 ఫిబ్రవరి 26న న్యూయార్క్‌లో విక్టర్ కంపెనీ తీసింది. వాయించినది ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండు. ఐదుగురూ తెల్లవారే. 'లివరీ స్టేబుల్ బ్లూస్' అనే ఆ పాటలో వాద్యాలతో కోడికూత, గుర్రం సకిలింపు పలికించారు. అది విపరీతంగా అమ్ముడుపోయి, దేశమంతటికీ జాజ్ అంటే ఇదేనన్న అభిప్రాయం కలిగించింది. న్యూఆర్లీన్స్ నల్లజాతి వాద్యకారులలో అగ్రగణ్యుడైన కింగ్ ఆలివర్ తన క్రియోల్ జాజ్ బ్యాండుతో ఇండియానాలోని రిచ్మండ్‌లో, జెనెట్ కంపెనీకి రికార్డులివ్వడానికి 1923 దాకా ఆగవలసి వచ్చింది.

అప్పటి రికార్డింగుకు మైక్రోఫోన్ లేదు. అందరూ ఒక పెద్ద బాకా ముందు నిలబడి వాయించాలి. పెద్ద డ్రమ్ము మోగితే సూది ఎగిరిపడుతుందని డ్రమ్మర్లతో చెక్కదిమ్మెలు కొట్టించేవారు. రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు మించదు. నాట్యశాలలో చాలాసేపు సాగే బాణీని ఆ మూడు నిమిషాల్లో కుదించాలి. తొలి జాజ్ అంతా పొట్టి పాటలే అనుకుంటే పొరపాటు. అది యంత్రం పెట్టిన హద్దు.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్

జాజ్ చరిత్రలో ఒక్క పేరే చెప్పమంటే అది ఆర్మ్‌స్ట్రాంగ్‌దే అవుతుంది. 1901 ఆగస్టు 4న న్యూఆర్లీన్స్‌లో కడుపేద ఇంట పుట్టారు. నూతన సంవత్సర వేడుకల్లో వీధిలో పిస్తోలు పేల్చినందుకు బాలనేరస్థుల ఆశ్రమంలో పెట్టారు. అక్కడి బ్యాండులో కార్నెట్ మీద తర్ఫీదు దొరికింది. దక్షిణాది వివక్షనూ పేదరికాన్నీ తప్పించుకోవడానికి లక్షలాది నల్లవారు ఉత్తరాది పట్టణాలకు వలసపోతున్న కాలమది. 1922లో ఆలివర్ కబురంపగా ఆయనా చికాగో చేరారు. ఆ బృందంలో పియానో వాయించే లిల్ హార్డిన్ 1924లో ఆయనను పెళ్లాడి, ఆలివర్ నీడ నుంచి బయటికి రమ్మని పట్టుబట్టారు. ఆమె స్వయంగా చక్కని స్వరకర్త. జాజ్ చరిత్ర పుస్తకాలు ఆమెను భార్యగానే చూపి సరిపెట్టడం అన్యాయం.

1925 నుంచి 1928 దాకా హాట్ ఫైవ్, హాట్ సెవెన్ పేర్లతో ఆయన చేసిన రికార్డులు జాజ్ దిశను మార్చేశాయి. అంతవరకూ కార్నెట్, క్లారినెట్, ట్రాంబోన్ కలిసి అల్లుకుంటూ పోయే సామూహిక వాద్యం అది. ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని ఏకవ్యక్తి కల్పనకు వేదిక చేశారు. 1928 జూన్‌లో రికార్డయిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' తోడువాద్యం లేని ట్రంపెట్ పలుకుతో మొదలవుతుంది. పావు నిమిషమైనా లేని ఆ ఆరంభంలో ధైర్యం, సొగసు, లయ మీద పట్టు అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత ట్రంపెట్ పట్టినవారు ఎవరూ దాన్ని వినకుండా ముందుకు పోలేకపోయారు. మాటలు లేకుండా అర్థంలేని అక్షరాలతో పాడే స్కాట్ పద్ధతికి ప్రచారం తెచ్చినదీ ఆయనే. తర్వాతి రోజుల్లో ఆయన నవ్వుముఖాన్ని చూసి తెల్లవారిని మెప్పించేవాడని కొందరు యువకులు నిందించారు. 1957లో లిటిల్ రాక్ పట్టణంలో నల్లజాతి పిల్లల్ని బడిలోకి రానివ్వనప్పుడు, ప్రభుత్వాన్ని బహిరంగంగా దుయ్యబట్టి సోవియట్ పర్యటన మానుకున్నది ఆయనే.

స్వింగ్ యుగం

1930ల్లో జాజ్ అమెరికా జనసామాన్యపు నాట్యసంగీతమైంది. పదిహేను మంది దాకా ఉండే పెద్ద బ్యాండులు వెలిశాయి. 1935 ఆగస్టు 21న లాస్ ఏంజిలిస్‌లోని పాలొమార్ నాట్యశాలలో క్లారినెట్ విద్వాంసుడు బెనీ గుడ్‌మన్ సాధించిన విజయంతో స్వింగ్ యుగం మొదలైందని చెబుతారు. ఆ రాత్రి జనాన్ని ఊపిన స్వరరచనల్లో ముఖ్యమైనవి ఫ్లెచర్ హెండర్సన్ అనే నల్లజాతి స్వరకర్తవి. స్వింగ్ రాజు బిరుదు గుడ్‌మన్‌కు దక్కింది. ఆయన పట్ల న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. టెడీ విల్సన్, లయొనెల్ హాంప్టన్ వంటి నల్లజాతి విద్వాంసులను తన పక్కన వేదిక మీద నిలబెట్టారు. 1938 జనవరి 16 నాటి కార్నెగీ హాల్ కచేరీలో వారూ ఉన్నారు.

ఈ యుగపు మహా స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్. 1927 చివర న్యూయార్క్ హార్లెంలోని కాటన్ క్లబ్బులో ఆయన బృందం కుదురుకుంది. వేదిక మీద నల్లవారు, బల్లల దగ్గర తెల్లవారు మాత్రమే. ఆ క్లబ్బు రేడియో ప్రసారాలు ఆయన పేరును దేశమంతా చాటాయి. ఎల్లింగ్టన్ వాద్యానికి కాదు, వాద్యకారుడికి రాసేవారు. ఫలానా చోట జానీ హాడ్జెస్ శాక్సఫోన్ ఎలా జారుతుందో, కూటీ విలియమ్స్ ట్రంపెట్ ఎలా గుర్రుమంటుందో తెలిసి రాసినందువల్లే ఆ రచనలను మరో బృందం అదే రుచితో వాయించలేకపోయింది. 1939లో చేరిన బిల్లీ స్ట్రేహార్న్ తన జీవితాంతం ఆయనకు సహచరుడు. ఆ బృందానికి సంకేతగీతంగా నిలిచిన 'టేక్ ది ఏ ట్రెయిన్' స్ట్రేహార్న్ రచనే.

కాన్సస్ సిటీ నుంచి వచ్చిన కౌంట్ బేసీ బృందం బ్లూస్‌నూ తేలికైన లయనూ నమ్ముకుంది. అందులో లెస్టర్ యంగ్ శాక్సఫోన్ మెత్తగా, తీరుబడిగా పలికింది. ఆ తీరును గొంతులోకి తెచ్చుకున్న గాయని బిల్లీ హాలిడే. చిన్న గొంతు, తక్కువ స్థాయి, కానీ ఒక్కొక్క మాటనూ లయకు కాస్త వెనకగా వదిలి దాని బరువు మార్చేది. దక్షిణాదిలో నల్లవారిని కొట్టి చంపి చెట్లకు వేలాడదీసిన దారుణాలపై అబెల్ మీరోపోల్ రాసిన 'స్ట్రేంజ్ ఫ్రూట్'ను 1939లో ఆమె పాడారు. ఆమెతో ఒప్పందమున్న కొలంబియా కంపెనీ దాన్ని రికార్డు చేయడానికి ఒప్పుకోలేదు. కొమొడోర్ అనే చిన్న సంస్థ ఆ పని చేసింది. 1947లో మాదకద్రవ్యాల కేసులో జైలుకెళ్లాక న్యూయార్క్ క్లబ్బుల్లో పాడే అనుమతిపత్రం ఆమెకు మళ్లీ ఇవ్వలేదు. 1959లో 44 ఏళ్ల వయసులో మరణించారు.

ఎల్లా ఫిట్జెరాల్డ్, పియానో విద్వాంసురాలు మేరీ లూ విలియమ్స్, పూర్తిగా స్త్రీలే వాయించిన ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్ బ్యాండు ఈ కాలానికి చెందినవారే. పారిస్‌లో అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు చచ్చుబడిన గిటార్ విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్, వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెలీతో కలిసి 1934లో పెట్టిన బృందం, అమెరికా బయట పుట్టిన తొలి మేటి జాజ్‌ను వినిపించింది.

బీబాప్

1940ల మొదట్లో హార్లెంలోని మింటన్స్ ప్లేహౌస్‌లో, పని ముగించుకున్న యువ వాద్యకారులు తెల్లవారే దాకా తమకోసం తాము వాయించుకునేవారు. పియానో దగ్గర థెలోనియస్ మంక్, డ్రమ్స్ దగ్గర కెన్నీ క్లార్క్. ట్రంపెట్ డిజీ గిలెస్పీ, ఆల్టో శాక్సఫోన్ చార్లీ పార్కర్ అక్కడికి చేరేవారు. అమిత వేగం, చిక్కని కార్డులు, ఎక్కడ తెగుతాయో ఊహించలేని పల్లవులు. నాట్యానికి కాకుండా వినడానికి పుట్టిన జాజ్ ఇది. బీబాప్ అని పేరొచ్చింది.

ఇది మొలకెత్తిన దశ రికార్డులకు దాదాపు ఎక్కలేదు. రాయల్టీల కోసం వాద్యకారుల సంఘం 1942 ఆగస్టులో రికార్డింగు మానేసింది. విక్టర్, కొలంబియా కంపెనీలు 1944 నవంబరు దాకా దిగిరాలేదు. 1943లో పార్కర్, గిలెస్పీ ఇద్దరూ ఉన్న ఎర్ల్ హైన్స్ బృందం ఒక్క రికార్డూ చేయలేకపోయింది. అందుకే 1945లో బీబాప్ రికార్డులు వచ్చినప్పుడు శ్రోతలకు అది ఆకాశం నుంచి ఊడిపడినట్టు తోచింది.

పార్కర్ పద్ధతి ఒకటి తెలుసుకోదగింది. పేరున్న పాట కార్డులను ఉంచుకుని దాని బాణీని తీసేసి కొత్తది అల్లేవారు. 1945 నవంబరులో రికార్డయిన 'కోకో' వెనక 'చెరొకీ' అనే పాట కార్డులున్నాయి. కాపీరైటు బాణీకే గాని కార్డుల వరసకు లేదు కాబట్టి, కొత్త రచన మీద హక్కు వాద్యకారుడికే దక్కేది. కళకూ బతుకుతెరువుకూ ఒకేసారి దారి దొరికింది. హెరాయిన్ ఆయనను తినేసింది. 1955 మార్చి 12న, 34 ఏళ్లకే పోయారు. ఆయనలా వాయించాలంటే ఆ మందు కావాలనుకుని పాడైన యువకులు ఎందరో. జాజ్ చరిత్రలో ఇంత బాధాకరమైన అపోహ మరొకటి లేదు.

1959, ఆ తర్వాత

1948లో వచ్చిన ఎల్పీ రికార్డు మూడు నిమిషాల సంకెలను తెంచింది. ఒక వైపు ఇరవై నిమిషాలకు పైగా వాయించే వీలొచ్చింది. దాని ఫలం 1959లో పండింది. ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల్లో న్యూయార్క్‌లో 'కైండ్ ఆఫ్ బ్లూ' రికార్డు చేశారు. జాన్ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ శాక్సఫోన్లు, బిల్ ఎవాన్స్ పియానో. పరుగెత్తే కార్డులను పక్కనపెట్టి, ఒక్క స్వరశ్రేణి మీద నిలిచి ఆలోచించే సంగీతం అది. అందులోని 'సో వాట్' ఆధారపడిన డోరియన్ స్వరశ్రేణి మన ఖరహరప్రియే. 32 బార్ల చుట్టులో మొదటి పదహారు బార్లు ఆ మేళంలో సాగి, ఎనిమిది బార్లు అర స్వరం పైకి జరిగి, మళ్లీ స్వస్థానానికి వస్తాయి. త్యాగరాజ కృతుల్లో ఖరహరప్రియ విన్న చెవితో దాన్ని వింటే దగ్గరితనమూ దూరమూ రెండూ తెలుస్తాయి. ఆ ఆగస్టులో, తాను వాయిస్తున్న బర్డ్‌లాండ్ క్లబ్బు బయట నిలబడినందుకు పోలీసులు డేవిస్ తల పగలగొట్టారు.

అదే ఏడాది కోల్ట్రేన్ 'జైంట్ స్టెప్స్'లో కార్డుల వేగాన్ని ఇంకెవరూ పోలేని అంచుకు తీసుకెళ్లారు. చార్లెస్ మింగస్ లిటిల్ రాక్ ఘటనకు కారకుడైన గవర్నరును ఎత్తిపొడుస్తూ 'ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్' కూర్చారు. కొలంబియా విడుదల చేసిన రూపంలో సాహిత్యం లేదు. 1960లో కాండిడ్ అనే చిన్న సంస్థ దగ్గర సాహిత్యంతో రికార్డయింది. డేవ్ బ్రూబెక్ బృందం ఐదు దెబ్బల 'టేక్ ఫైవ్'ను వినిపించింది. ఆర్నెట్ కోల్‌మన్ ముందే కుదిరిన కార్డుల వరసనే వదిలేసి, ఫ్రీ జాజ్‌కు తలుపు తీశారు.

కోల్ట్రేన్ మార్గం భక్తి వైపు తిరిగింది. 1964 డిసెంబరులో రికార్డయిన 'ఎ లవ్ సుప్రీం' నాలుగు భాగాల ప్రార్థన. 1967లో 40 ఏళ్లకే ఆయన మరణించారు. మైల్స్ డేవిస్ 1970లో విడుదలైన 'బిచెస్ బ్రూ'తో విద్యుత్ వాద్యాలనూ రాక్ లయనూ జాజ్‌లోకి తెచ్చారు. ఆయన శిష్యులు హెర్బీ హాంకాక్, వేన్ షార్టర్, చిక్ కొరియా ఆ ఫ్యూజన్ ధోరణిని తలో దారిన నడిపించారు. 1980ల నుంచి ట్రంపెట్ విద్వాంసుడు వింటన్ మార్సాలిస్ పాత సంప్రదాయాన్ని మళ్లీ ముందుకు తెచ్చారు.

భారతదేశంతో బంధం

1935లో వయొలిన్ విద్వాంసుడు లియోన్ ఆబీ నల్లజాతి బృందంతో బొంబాయి తాజ్‌మహల్ హోటల్‌కు వచ్చారు. పియానో విద్వాంసుడు టెడీ వెదర్‌ఫర్డ్ కలకత్తాలో స్థిరపడి 1945లో అక్కడే మరణించారు. వీరి దగ్గర మెళకువలు పట్టిన గోవా వాద్యకారులు హోటళ్ల నుంచి హిందీ సినిమా స్టూడియోలకు చేరారు. సి.రామచంద్ర 1951లో 'అల్బేలా'కు ఇచ్చిన పాటల ఊపులో ట్రంపెట్ వాద్యకారుడు చిక్ చాకొలెట్ చేయి ఉంది. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం జాజ్ విద్వాంసులను రాయబారులుగా పంపింది. 1958లో బ్రూబెక్ మద్రాసులో మృదంగ విద్వాంసుడు పళని సుబ్రహ్మణ్య పిళ్లైతో కలిసి వాయించారు. 1963లో ఎల్లింగ్టన్ వచ్చారు. 1978లో బొంబాయిలో జాజ్ యాత్ర ఉత్సవం మొదలైంది.

కోల్ట్రేన్ తన కుమారుడికి పండిట్ రవిశంకర్ పేరు మీద రవి అని పేరు పెట్టారు. ఆయన భార్య, పియానో, హార్ప్ విద్వాంసురాలు ఆలిస్ కోల్ట్రేన్ పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలై, కాలిఫోర్నియాలో తన ఆశ్రమానికి సాయి అనంతం అని పేరు పెట్టుకున్నారు. అన్నిటికంటే దగ్గరి బంధం పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ది. గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్ 1970ల్లో నడిపిన శక్తి బృందం, రిమెంబర్ శక్తి పేరుతో మళ్లీ కూడినప్పుడు శ్రీనివాస్ అందులో చేరారు. జాజ్ గిటార్‌కు ఎదురుగా కూర్చుని ఆయన వేసిన కల్పనాస్వరాలు, రెండు మనోధర్మాలు సరిసమానంగా మాట్లాడుకోగలవని చూపించాయి. 2014లో 45 ఏళ్లకే ఆయన మనకు దూరమయ్యారు.

గుర్తింపు

1965లో పులిట్జర్ బహుమతి సంగీత న్యాయనిర్ణేతలు ఎల్లింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం ఇవ్వమని సిఫారసు చేస్తే బోర్డు తిరస్కరించింది. జాజ్ రచనకు తొలి పులిట్జర్ 1997లో మార్సాలిస్‌కు, బానిసల గాథ చెప్పే 'బ్లడ్ ఆన్ ద ఫీల్డ్స్'కు దక్కింది. ఎల్లింగ్టన్‌కు ఆ గౌరవం 1999లో, ఆయన మరణించిన పాతికేళ్లకు ఇచ్చారు. యునెస్కో 2011లో ఏప్రిల్ 30ను అంతర్జాతీయ జాజ్ దినోత్సవంగా ప్రకటించింది.

కొత్తగా వినబోయే తెలుగు శ్రోత 'సో వాట్'తో మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి పార్కర్ 'కోకో'కూ, ఆర్మ్‌స్ట్రాంగ్ 'వెస్ట్ ఎండ్ బ్లూస్'కూ వెళ్లడం మంచిది. తొలిసారి బాణీని పట్టుకోండి. రెండోసారి దాన్ని వదిలేసి, వెనక బేస్, డ్రమ్స్ ఏం చేస్తున్నాయో వినండి.